చేపల మీద రెండు శాతం

బెర్నడీన్ హూడాక్ దగ్గర నాలుగు క్రెడిట్ కార్డులుండేవి. ఒక్కొక్కదాని వెనక తెల్లటి ప్లాస్టరు ముక్క అంటించి, దాని మీద నీలం పెన్నుతో రాసుకుంది: పెట్రోలు, కిరాణా, మందులు, మిగతావన్నీ. ఏ ఖర్చుకి ఏ కార్డు ఎక్కువ క్యాష్‌బ్యాక్ ఇస్తుందో మరిచిపోకుండా ఉండాలని ఆ ఏర్పాటు. నాలుగింటినీ లావుపాటి రబ్బరు బ్యాండుతో కట్టి పెట్టుకునేది. కొట్లో డబ్బు కట్టేటప్పుడు ఆ కట్ట విప్పి, సరైన కార్డు వెతికి, మళ్లీ కట్ట కట్టేదాకా వెనకున్నవాళ్లు కాళ్లు మార్చుకుంటూ నిలబడాల్సిందే. అందరికంటే ఎక్కువసార్లు అలా నిలబడింది నేనే.

ఆస్పత్రి లాండ్రీలో ఇద్దరం ముప్పై ఒక్క ఏళ్లు పక్కపక్కన దుప్పట్లు మడతపెట్టాం. నాకు పింఛను రాగానే, అంటే రెండేళ్ల కిందట, మానేశాను. బెర్నీ మానలేదు. మొగుడు ఎడ్ పోయి తొమ్మిదేళ్లయింది, పిల్లలు లేరు, ఇంటికి ఒకటే సంపాదన. ఎడ్‌ని పూడ్చిన రోజు మధ్యాహ్నం వచ్చినవాళ్లందరికీ భోజనం పెట్టి, బిల్లు "మిగతావన్నీ" కార్డు మీద గీకించి, నల్ల గౌనులోనే నా పక్కకొచ్చి కూర్చుంది.

"దీనికి పదకొండు డాలర్లు వెనక్కొస్తాయే ట్రూడీ," అంది.

నాకు నవ్వొచ్చింది. తనూ నవ్వింది. అలా నవ్వుతూ నవ్వుతూనే భోరున ఏడ్చింది. ఎడ్ పోయాక ఏడవడం అదే మొదలు.

ఆ ఏడే, ఈస్టర్‌కి ముందు తపస్కాలంలో మాంసం ముట్టని శుక్రవారాలకి మా చర్చి నేలమాళిగలో అమ్మే చేపల భోజనాలకి సరుకు కొనే పని తనమీద పడింది. అంతకుముందు ఎడ్ చూసేవాడు. పెట్టెలకి పెట్టెలు కాడ్ చేప, నూనె డబ్బాలు, క్యాబేజీ, బంగాళదుంపలు. బెర్నీ తన కార్డు మీద కొనేది, రెండు మూడు వారాల్లో చర్చి చెక్కు రాసిచ్చేది, వచ్చిన రెండు శాతం క్యాష్‌బ్యాక్ తనది. ఇందులో దాపరికం లేదు. అందరికీ తెలుసు, అందరూ ఏడిపించేవాళ్లు. చేపలు వేయించే స్టూష్ అయితే మరీను.

"అదిగో, చేపల మహారాణి! ఏం బెర్నీ, ఈ వారం మా చెమట మీద నీకెంత?"

"ముప్పై డాలర్లు. నీ చెమట నూనెలో పడకుండా చూసుకో ముందు."

ఆ క్యాష్‌బ్యాక్‌ని బెర్నీ ఎన్నడూ తీసేది కాదు. చర్చిలో పూజ అయ్యాక బెంచీ మీద కూర్చుని ఫోన్లో ఆ అంకె చూసుకునేది. మందుల ఖర్చుకి తప్పక ఒకటి రెండుసార్లు వాడిందిగానీ, మొన్న శరత్కాలానికి మళ్లీ ఎనిమిది వందలకి చేరింది. జీతమంటే ఒళ్లు అరగదీస్తే వచ్చేది, ఇది మాత్రం తన బుర్రకి వచ్చిందని తనకో గర్వం. నేను ఆ గర్వాన్ని ఎగతాళి చేశానుగానీ, నిజం చెప్పాలంటే కొంచెం ఈర్ష్య కూడా ఉండేది. నాకు ఆ ఓపిక లేదు, నా కార్డు ఎంతిస్తుందో కూడా నాకు తెలియదు.

అక్టోబర్లో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు పాడైంది. చూడ్డానికొచ్చినవాడు పొగగొట్టం కూడా చీలిందన్నాడు. రెండూ కలిపి ఎనిమిది వేల నాలుగొందలు. మా ఊళ్లో నవంబర్ దాటితే ఫర్నేసు లేకుండా బతకడమన్నది లేదు. బెర్నీ కంగారు పడలేదు. ఇరవై ఒక్క నెలలు వడ్డీ లేని కొత్త కార్డు తీసుకుని మొత్తం దాని మీద వేసింది. పాత "మిగతావన్నీ" కార్డు ఇచ్చిన బ్యాంకే కాబట్టి, పాత క్యాష్‌బ్యాక్ కూడా ఇందులోకి మార్చుకోనిచ్చారు. కాగితం బిల్లు వద్దు, ఈమెయిల్ చాలు అని ఒప్పుకుంటే ఇంకో పది డాలర్లు ఇస్తామన్నారట. ఒప్పుకుంది.

"బ్యాంకోడి డబ్బుతో నా ఇల్లు వెచ్చగా ఉందే," అని నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

లెక్కంతా పక్కాగా వేసుకుంది. జూన్ ముప్పైన ఉద్యోగం మానేయాలి. అప్పటిదాకా నెలకి నాలుగొందలు, తర్వాత పింఛన్లోంచి రెండొందలు. ఈ కార్డు గడువు తీరితే వడ్డీ లేని ఇంకో కార్డుకి బాకీ మార్చేయడం. తన పరపతి అంకె, అదే క్రెడిట్ స్కోరు, ఏడొందల తొంభై, ఏ బ్యాంకైనా పిలిచి ఇస్తుంది. నవంబర్లో లాండ్రీ మేనేజరుకి ఉత్తరం ఇచ్చేసింది. అప్పటికే బొటనవేళ్ల కీళ్లు వాచిపోయి పచ్చడి సీసా మూత కూడా తీయలేకపోతోంది. పొద్దున నాలుగింటికి లేచి, వేడి నీళ్లలో చేతులు పెట్టుకుని కాసేపు కూర్చుంటేగానీ వేళ్లు ముడవడం లేదు. ఆదివారం కాఫీ దగ్గర, "ఇంకా నూట తొంభై పొద్దుటలే," అనేది. తర్వాతి వారం నూట ఎనభై నాలుగు. సెలవులు తీసేసి లెక్కపెట్టేది.

డిసెంబర్లో లాండ్రీ శనివారపు పని ఎత్తేసింది. చేతిలో డబ్బు తగ్గింది. బెర్నీ ఆలోచించి, తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ ఎనిమిది వందలూ ఒకేసారి తీసి, ఫర్నేసు కార్డు బాకీలోకి వేసింది. రెండు నెలల వాయిదా ముందే అయిపోయిందని నిశ్చింతగా ఉంది. క్రిస్మస్‌కి నాకు ఉన్ని చేతితొడుగులు కూడా కొనిచ్చింది.

ఫిబ్రవరిలో, తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారానికి ముందు శనివారం, ఫోన్ చేసింది.

"ట్రూడీ, ఒకసారి మా ఇంటికొస్తావా? కళ్లద్దాలు తెచ్చుకో."

వెళ్లేసరికి వంటింటి బల్ల ముందు కోటు విప్పకుండానే కూర్చుని ఉంది. ఇల్లు మాత్రం వెచ్చగా ఉంది. ఫోన్ బల్ల మీద పెట్టి ఉంది, అందులో బ్యాంకు అమ్మాయి గొంతు వినిపిస్తోంది.

"మళ్లీ చెప్పమ్మా. మా స్నేహితురాలు వచ్చింది, తనకి కూడా చెప్పు," అంది బెర్నీ.

"అదేనండి, క్యాష్‌బ్యాక్‌తో మీ బాకీ తగ్గిందండి. కానీ అది ఆ నెల వాయిదా కింద లెక్కకి రాదండి. డిసెంబర్, జనవరి రెండు వాయిదాలూ మీరు కట్టనట్టే. అరవై రోజులు దాటింది కాబట్టి వడ్డీ లేని సౌకర్యం రద్దయిపోయిందండి."

"నా ఎనిమిదొందలు మీకు చేరాయా, లేదా?"

"చేరాయండి."

"చేరాక కట్టనట్టు ఎలా అవుతుందమ్మా?"

ఆ పిల్ల కూడా అలిసిపోయినట్టే ఉంది. రోజుకి ఎంతమందికి ఇదే మాట చెబుతుందో.

"అవి బ్యాంకు మీకిచ్చిన డబ్బండి. వాయిదా మీ డబ్బుతో కట్టాలి. ఒప్పందంలో ఉందండి. మీకు ఈమెయిల్స్ కూడా పంపించాం. ఫోన్లు కూడా చేశాం."

ఫోన్లు చేశారు, నిజమే. తెలియని నంబరు ఎవరిదైనా ఇక్కడ ఎవరూ ఎత్తరు. ఎత్తితే మీ కారు వారంటీ అయిపోయిందంటూ ఏ మోసగాడో మొదలుపెడతాడు. బెర్నీ ఆ మోసగాళ్లే అనుకుని పదిహేనుసార్లు కట్ చేసేసింది. ఇక ఈమెయిల్స్ సంగతి. నేను కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. విప్పనివి మూడు వేలు పైన ఉన్నాయి, అన్నీ తగ్గింపులు, కూపన్లు, ఈ నెల పెట్రోలు మీద అయిదు శాతం అంటూ. వాటి మధ్యలో బ్యాంకు హెచ్చరికలు తొమ్మిది ఉన్నాయి. కాగితం మీద వచ్చి ఉంటే మొదటిరోజే చదివేది. కరెంటు బిల్లు వెనక సన్న అక్షరాలు కూడా చదివే మనిషి. ఆ పది డాలర్ల కోసం కాగితం వద్దంది.

"ఇరవై ఆరేళ్లలో ఒక్క వాయిదా తప్పలేదమ్మా నేను," అంది బెర్నీ ఫోన్‌తో.

"కనిపిస్తోందండి. అందుకే ఒక నెల ఆలస్యపు రుసుం తీసేస్తున్నాను. వడ్డీ మాత్రం నా చేతుల్లో లేదండి. ఇంకేమైనా సాయం కావాలా అండీ?"

"వద్దులేమ్మా," అని బెర్నీ ఫోన్ పెట్టేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. సగం బ్యాంకు మీద, సగం బెర్నీ మీద. చర్చి చందా కవరు ఒకటి తీసుకుని వెనక్కి తిప్పి లెక్క వేశాను. బాకీ ఏడు వేల రెండొందలు. వడ్డీ ఏడాదికి నూటికి ముప్పై. నెలకి నూట ఎనభై.

"పింఛన్లోంచి రెండొందలు కడతానన్నావు కదా. నూట ఎనభై వడ్డీకి పోతుంది. ఇరవై అసలుకి."

"అయితే ఎన్నాళ్లు?"

"వడ్డీ లేకపోతే మూడేళ్లు. ఇప్పుడు ఎనిమిదేళ్లు."

"డెబ్బై అయిదొస్తాయి నాకు."

"వేరే కార్డుకి మార్చే దారి చూడు."

"చూశాను. పొద్దుటే రెండు బ్యాంకులు కాదన్నాయి. నా అంకె ఆరొందల పదికి పడిపోయిందట."

ఆ మాట చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. ఏడువేల బాకీ కంటే ఆ ఆరొందల పదికే ఎక్కువ సిగ్గుపడిందని నాకు తెలుసు. తర్వాత కోటు జేబులోంచి రబ్బరు బ్యాండు కట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"ఆరు వారాల చేపలున్నాయి కదే ముందు. తొమ్మిది వేల సరుకు. సోమవారం మొదటి బండి సరుకు చెప్పాలి. పాత కార్డు మీద వాడుకునే పరిమితి తగ్గించేశారు, కొత్తదాని మీదే వెయ్యాలి. రెండు శాతమంటే నూట ఎనభై..."

"నూట ఎనభై!" నేను అరిచేశాను. "ఆరు వారాలు నువ్వు చేపల కంపులో మునిగితే వచ్చేది నూట ఎనభై. వాడు ఒక్క నెలలో నీ దగ్గర గుంజేది నూట ఎనభై. అదీగాక బాకీ ఉన్న కార్డు మీద కొంటే చేప దిగిన రోజు నుంచే దానికీ వడ్డీ. చర్చి చెక్కు వచ్చేసరికి వారానికొచ్చే ఆ ముప్పైలో నీకు నాలుగు డాలర్లు మిగలవు. ఇదేనా నీ తెలివి? తొమ్మిదేళ్లు ఏరుకున్నదంతా వాడు ఏడాది తిరక్కుండానే పట్టుకుపోతాడు, నువ్వింకా చిల్లర ఏరుకుంటానంటావు!"

అనకుండా ఉండాల్సింది. ఇప్పటికీ ఆ మాటలు నాకే గుచ్చుకుంటాయి. బెర్నీ మాత్రం కోపం తెచ్చుకోలేదు. కవరు తన వైపు లాక్కుని ఆ అంకెలు ఒక్కొక్కటీ మళ్లీ కలిపింది, నా లెక్క తప్పయితే బాగుండునన్నట్టు. తప్పు లేదు.

"ఆరొందలు కడితే?" అంది చివరికి.

"పదిహేను నెలలు. కానీ ఆరొందలంటే జీతం ఉండాలి."

"అంతే మరి," అంది. లేచి కాఫీ పెట్టింది.

మర్నాడు పూజ అయ్యాక ఫాదర్ డామియన్ దగ్గరికి వెళ్లింది. నన్ను కూడా లాక్కెళ్లింది. ఆయన ముప్పై అయిదేళ్లవాడు, మా ఊరొచ్చి ఏడాదే.

"ఫాదర్, ఈ ఏడు చేపలు నేను కొనలేను. నా కార్డు చెడిపోయింది."

"అంటే, కొత్త కార్డు పంపిస్తారు కదమ్మా బ్యాంకువాళ్లు?"

"కార్డు కాదు ఫాదర్, నేనే చెడిపోయాను," అని మొత్తం చెప్పేసింది. బ్యాంకు, ఈమెయిళ్లు, పది డాలర్లు, అన్నీ. ఆయన ముఖం ఎర్రబడింది. పేదల నిధి నుంచి కొంత సర్దుతానన్నాడు.

"ఆ పెట్టెలో నెలనెలా వేసేదాన్ని నేను. అందులోంచి తీసుకోను," అంది బెర్నీ.

ఆ వారం చేపలు చర్చి ఖాతా నుంచి నేరుగా వచ్చాయి. బెర్నీని డబ్బు తీసుకునే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఫాదర్ ఈ ఏడు కొత్తగా కార్డులు గీకే యంత్రం కూడా తెప్పించాడు. దాని ముందు అట్టముక్క మీద రాసి ఉంది: కార్డు అయితే మూడు శాతం అదనం. మొదటి శుక్రవారం వంటింట్లోంచి స్టూష్ బయటికొచ్చి, ఎప్పట్లాగే గొంతెత్తాడు.

"ఏం మహారాణీ, ఈ వారం ఎంత?"

నేను క్యాబేజీ కోయడం ఆపేశాను. వాడికి ఇంకా తెలియదు.

"ఏం లేదురా. ఈ వారం నీ చెమటంతా నీకే," అంది బెర్నీ.

ఎవరో స్టూష్ చెవిలో ఊదారు కాబోలు, కాసేపటికి కాగితం పళ్లెంలో మంచి ముక్క ఒకటి పెట్టుకొచ్చి ఆమె ముందు పెట్టి వెళ్లిపోయాడు. అంతలో ఒక పడుచుపిల్ల వచ్చి రెండు భోజనాలు చెప్పి కార్డు చాపింది.

"నగదు లేదా తల్లీ?" అడిగింది బెర్నీ.

"ఉందండి. కానీ కార్డయితే నాకు రెండు శాతం వెనక్కొస్తుంది."

బెర్నీ అట్టముక్క వైపు వేలు చూపించింది. "ఇక్కడ మూడు ఇస్తున్నావు."

ఆ పిల్ల చదివి, నవ్వి, "పర్వాలేదులెండి, అలవాటైపోయింది," అంది. బెర్నీ కార్డు గీకింది.

సోమవారం లాండ్రీలో రాజీనామా ఉత్తరం వెనక్కి అడిగింది. ఇచ్చారు. కానీ మడత బల్ల దగ్గర ఆమె చోటు అప్పటికే వేరేవాళ్లకి రాసేశారు, యూనియన్ నిబంధన ప్రకారం అది వెనక్కి రాదు. జూలై నుంచి ఖాళీ ఉన్నది మురికి వైపే. మా లాండ్రీ రెండు భాగాలు, మధ్యలో గోడ, దానికో తలుపు. ఇటు ఉతికిన బట్ట, అటు ఆస్పత్రి గదుల నుంచి సంచుల్లో వచ్చే బట్ట. నెత్తురు, వాంతి, ఇంకా చెప్పలేనివి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మేమిద్దరం అటే మొదలుపెట్టాం. ఇటు రావడానికి నాకు నాలుగేళ్లు పట్టింది, బెర్నీకి అయిదు.

నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. బెర్నీ ఉద్యోగం మానే రోజుకని జనవరిలోనే మా పేటలో బేకరీ ఆవిడకి కేకు చెప్పి, డబ్బు కూడా కట్టేశాను. ఇంత గొడవలో దాని సంగతే మరిచిపోయాను. జూన్ ముప్పై పొద్దున బేకరీ ఆవిడ ఫోన్ చేసి, కేకు సిద్ధంగా ఉంది, వచ్చి తీసుకెళ్లమంది. పెద్ద పలకంత కేకు, మీద గులాబీ రంగు క్రీముతో రాసి ఉంది: ఇక తెల్లారగట్ల లేవక్కర్లేదు బెర్నీ.

కారులో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పారేయడానికి మనసొప్పలేదు. చెంచాతో అక్షరాలు చెరిపేద్దామనుకున్నానుగానీ, చెరిపితే ఇంకా అసహ్యంగా ఉంటుంది. చివరికి పదింటి విరామానికి అలాగే పట్టుకెళ్లాను. మడత బల్లలవాళ్లంతా బయట నీడలో నిలబడి ఉన్నారు. నన్ను, కేకుని చూసి పక్కకి జరిగి దారిచ్చారు. బెర్నీ వచ్చి మూత తీసి, మొత్తం చదివింది.

"నన్ను తిట్టు," అన్నాను.

"ఎందుకు? అక్షరాలు బాగా రాసింది." కత్తి తీసుకుని సరిగ్గా తన పేరు మీద కోసి, ఆ ముక్క తను తీసుకుంది. బొటనవేలు వంగక కత్తిని పిడికిలితో పట్టుకుంది. అందరికీ పంచింది. తింటూ తింటూ నా వైపు తిరిగింది.

"ఎంతయిందే?"

"నలభై రెండు డాలర్లు."

"ఏ కార్డు మీద?"

"నగదు ఇచ్చాను."

"ఛ! ఎనభై నాలుగు సెంట్లు పోగొట్టావు," అంది.

ఇద్దరం నవ్వాం. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాం. ఎడ్‌ని పూడ్చిన రోజు తర్వాత తను అలా నవ్వడం నేను చూడలేదు. లోపల గంట మోగింది. మర్నాటి నుంచే అటువైపు పని కాబట్టి ఆ రోజే కొలత చూసి ఇచ్చిన పొడుగు రబ్బరు చేతితొడుగులు ఆమె నడుముకి వేలాడుతున్నాయి. మిగిలిన కేకు మురికి వైపువాళ్లకి పట్టుకెళ్తానంది, రేపటి నుంచి వాళ్లతోనే కదా ఉండేది.

పెట్టె రెండు చేతులతో ఎత్తబోయింది, కీళ్లు పట్టలేదు. నేను ఒక పక్క పట్టుకున్నాను. ముప్పై ఏళ్లకి ముందెప్పుడో దాటి వచ్చిన ఆ తలుపు దాకా ఇద్దరం మోసుకెళ్లాం. దాని అవతలికి నన్ను రానివ్వరు.